ద్రాక్ష పందిరి మీద ఇనుప ములుకులు

మా ద్రాక్ష పందిరి గుంజల నెత్తిన
జానెడేసి ఇనుప ములుకులు ఎందుకున్నాయని
మనవరాలు ఎరీసా అడిగింది.
గొడుగులేసుకుని ఆకాశంలోంచి దిగే శత్రువును గుచ్చడానికన్నాను.
దిగాడా? అంది.
వడగళ్ళు దిగాయి. కొంగలు దిగాయి.
ఒక ఏడు కాయ కోస్తుంటే మీ తాత చొక్కా చిరిగింది.

నా పదిహేడో ఏట
ఈ సరాందా కొండ మీద, వాన పడకుండానే,
కాంక్రీటు పుట్టగొడుగులు మొలిచాయి.
మా గోడ పగుళ్ళలో పాత గుడ్డలు కుక్కుకునేవాళ్ళం,
సిమెంటు దొరక్క.
బంకరు గోడ మాత్రం మూరెడు మందం.
సైరన్ మోగితే
చేతుల పిండి కడుక్కోకుండానే పరుగు.
"జెవాహిరే, నీది నాలుగో గుంత!" అని
అరిచేవాడు దళం పెద్ద వాంజెల్.
కర్ర తుపాకీ భుజాన,
బెత్తెడు చీలికకు కన్ను ఆనించి
తెల్లవార్లూ సముద్రాన్ని అనుమానించడం నా పని.

"కోర్ఫు వైపు దీపాలు కదుల్తాయి చూడు,
అవే వాళ్ళ ఓడలు" అన్నాడు.
నిజమే, కదిలాయి.
మొదటి రాత్రి పళ్ళు టకటకలాడాయి.
రెండో రాత్రి, నిద్ర ఆపుకోడానికి, లెక్కపెట్టాను.
పదకొండు.
మూడో రాత్రీ పదకొండే.
పున్నమి నాడు ఒక్కటీ లేదు.

యుద్ధానికొచ్చేవాడు వెన్నెలకు సెలవు పెడతాడా?
మా నాన్న సార్డీన్ల పడవ మీద బతికినవాడు.
చీకట్లోనే చేప దీపానికి లొంగుతుందని
పాలతో పాటే తాగాను.
అవతల కూడా ఎవరి నాన్నో
తడి వల లాగుతున్నాడు, అంతే.

తెలిసింది సరే, ఎవరికి చెప్పను?
చెప్పినవాళ్ళ కిటికీలు మర్నాటికి మూతపడేవి.
పదకొండు దీపాలను పదకొండు నెలలు
నాలుక కింద దాచుకున్నాను. కాలేవి.

ఒక తెల్లవారుజామున రొట్టెల వరసలో
ముందు నిలబడ్డ షేగా వీపుకేసి
గాలిలో అన్నట్టు అన్నాను: రాత్రి పదకొండు.
ఆమె తల తిప్పలేదు.
రొట్టె సంచిలో వేసుకుంటూ
"పన్నెండు. ఒకటి రాయి చాటున" అంది.

మోకాళ్ళు వణికాయి.
నాకన్నా బాగా లెక్కపెట్టింది!
ఊరంతా లెక్కపెడుతూనే ఉందేమో,
ఎవరి చీలిక దగ్గర వాళ్ళు,
పక్కవాడు నమ్ముతున్నాడని నమ్మి
తామూ నమ్ముతున్నట్టు ఊరుకుంటూ.
మా కొండ మీది గుంతల్లో
ఒక్కరికే ఎందుకు చోటుంచారో
ఆ రొట్టె వాసనలో అర్థమైంది.

నిన్న వీధిలోకి ఒక వ్యాను వచ్చింది, నెత్తిన మైకు.
"కనుమ దాటి వస్తున్నారు!
మీ ఇళ్ళు, మీ ఆడపిల్లలు..."
గొంతు కొత్తది. సైరన్ పాతదే.
ఎరీసా లోపలికి పోయి గడియ వేసుకుంది.

వ్యాను ఆపించి కుర్రాడికి కాఫీ ఇచ్చాను.
ఎంతమంది బాబూ?
చాలామంది.
నువ్వు చూశావా?
చూసినవాళ్ళు చెప్పారు.
వాళ్ళ పేర్లు?
కప్పు అడుగున వెతుక్కున్నాడు.
తాడును పామన్నవాడి చంకలో
కర్రల కట్ట ఉందేమో చూడాలి గదా,
నీ సంచిలో ఏముందయ్యా అన్నాను.
కాగితం తీశాడు.
కనుమకు కంచె వేయించాలట, సంతకం కావాలట.
కంచె గుత్త ఎవరిది?
మా మామయ్యది, అన్నాడు, పాపం, అబద్ధం తోచక.

అబద్ధం నేనెందుకాడాలి?
వ్యాను మలుపు తిరిగాక
గుండె చాలాసేపు దడదడలాడింది.
ఈ ఇంట్లో ఇన్నేళ్ళు కాపురమున్న భయం,
ఏ మెట్టు కిర్రుమంటుందో దానికి తెలుసు.

రాత్రి ఎరీసాను నాలుగో గుంతకు తీసుకెళ్ళాను.
ఇప్పుడక్కడ కోళ్ళు పొదుగుతున్నాయి.
చీలికలోంచి చూపించి, లెక్కపెట్టు అన్నాను.
తొమ్మిది, అంది.
మళ్ళీ పెట్టు.
కోళ్ళు సర్దుకున్నాయి. గాలి మారింది.
పది, ఒకటి ఆగి ఆగి కనిపిస్తోంది, అంది.

వెళ్ళి పక్కింటి పిల్లకు చెప్పు.
తప్పయితే అది దిద్దుతుంది.